అమ్మా, ఆ లైఫ్ జాకెట్ సంగతి

రెడ్‌మండ్,
జూన్ 14

అమ్మా,

నీకు కనపడాలని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. ఆపరేషన్ అయిన కన్ను నులుముకోకు. చుక్కల మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకో, తగ్గిందని మధ్యలో మానేయకు. ఈ ఉత్తరం మాత్రం బాపుతో చదివించుకోకు, నువ్వే చదువు. నాలుగు రోజులు పట్టినా సరే.

మృగశిరకు తమ్ముడు కొర్రమీను తెచ్చాడట కదా. ఇక్కడ మేము ఏదో ఒక చేప వండుకున్నాం. నీ పులుసు కాదు, అంతే.

అందరం బాగున్నాం. ఆఫీసు సంగతి మామూలే. మీ అల్లుడికి రాత్రి కాల్స్ తగ్గాయి. చింటూ బరువు ఇప్పుడు ఇరవై ఏడు కిలోలు, నువ్వు అనుకుంటున్నట్టు సన్నబడలేదు.

మొన్న ఆదివారం నేను పడవలో కూర్చున్న ఫోటో చూసి ఒక్క మాట అనకుండా ఫోను బాపుకిచ్చి లోపలికి వెళ్లిపోయావు. తిట్టినా బాగుండేది. నీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసమ్మా. తెడ్డు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకూ చిన్నమామే గుర్తొస్తాడు. మోటబావిలో నా వీపుకు బెండు కట్టి, తాడు కొస తన మణికట్టుకు చుట్టుకొని, "కాళ్లు కొట్టు బిడ్డా, నేనున్న" అన్నవాడు. అంత ఈత వచ్చిన మనిషే చెరువులో అట్లా అయితే, ఇక ఈత వచ్చు కదా అనే మాటకు విలువేముంది? ఆ మాట నీ ముందు నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయిన ఏడు వేసవి మొదట్లో ఇక్కడి సమామిష్ చెరువులో నా కయాక్, అదే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, బోర్లా పడింది. చెరువు అంటున్నాను గానీ అది పదకొండు కిలోమీటర్ల పొడవు. భయపడకు, ఒడ్డు పక్కనే, నీళ్లు ఛాతీ వరకే. నీళ్లలో మనిషిని తేల్చే లైఫ్ జాకెట్ ఉంది, కానీ నా ఒంటి మీద లేదు. చంకల కింద ఒరుసుకుపోయి మంట పుడుతోందని విప్పి వెనక పెట్టాను. బోర్లా పడగానే అది తేలుకుంటూ నా చేతికి అందనంత దూరం పోయింది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే, నాకు తెలియకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాక్కుపోయింది. తల పైన ఉంది కాబట్టి గాలి పోయింది. తల మునిగి ఉంటే నీళ్లు పోయేవి. ఆ తర్వాతే తెలుసుకున్నాను, చల్లటి నీళ్లలో మొదటి నిమిషమంతా ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుందట, పది నిమిషాలు గడిచేసరికి చేతులూ కాళ్లూ మొద్దుబారి చెప్పినట్టు వినవట. ఎంత ఈతగాడికైనా అంతే. ఆ రాత్రి నీకు ఫోన్ చేసి వంకాయ కూర ఎట్లా చేస్తావని అడిగాను, గుర్తుందా? నీ గొంతు వినాలనిపించి చేశాను.

ఆ మొదటి జాకెట్ చవగ్గా వచ్చిందని కొన్నాను. చెడ్డదేమీ కాదు, మోటారు పడవలో ఊరికే కూర్చునేవాళ్లకు బాగానే పనికొస్తుంది. కానీ తెడ్డు వేసేవాళ్ల చేతులు గంటలకొద్దీ ఆడుతూనే ఉంటాయి. దాని చంక కోత నువ్వు చూసి ఉంటే కత్తెర తెచ్చేదానివి. వీపు వైపు నడుము దాకా మందపాటి ఫోమ్, కయాక్ సీటుకు ఆనగానే మనిషిని ముందుకు నెట్టేది. నీళ్లలో దిగితే జాకెట్టంతా లేచి గడ్డానికి తగిలేది. అట్లాంటిది ఎవరు మాత్రం ఎంతసేపు వేసుకుంటారు?

అందుకే ఈసారి మూడు వారాలు తిరిగాను. ఫోటోలో నువ్వు చూసిన బంతిపూల రంగుది అదే. రంగు కూడా అందుకే అది, దూరం నుంచి కనబడాలని. కుట్టు తెలిసినదానివి కాబట్టి నీకు ఇట్టే అర్థమవుతుంది. చంకలు వెడల్పుగా, లోతుగా కోసి ఉన్నాయి. భుజం పట్టీలు సన్నం. ముందు వైపు ఫోమ్ ఒకే పలక కాకుండా ముక్కలుగా, మన కటోరీ బ్లౌజుకు నువ్వు వేసే కట్‌లాగా వంపు తిరిగి ఉంది. ఆడవాళ్లకని విడిగా ఇట్లా కూడా చేస్తారని నాకు ముందు తెలియదు. వీపు కింది సగంలో ఫోమ్ లేదు, వట్టి జాలీ గుడ్డే. సీటు ఆ జాలీకి ఆనుతుంది, ఫోమంతా దాని పైనే ఉండిపోతుంది. కొనే ముందు దుకాణంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వట్టి చేతులతోనే తెడ్డు వేసినట్టు ఆడించమన్నారు. రెండు జాకెట్లు పనికిరావని అక్కడే తెలిసిపోయింది, ఒకటి మెడకు తగిలింది, ఒకటి చంకలో ఒరిసింది.

తొడగడానికి కూడా ఒక పద్ధతుంది. పట్టీలన్నీ వదులు చేసి, జిప్ వేసి, ముందు నడుము దగ్గరిది బిగించాలి, తర్వాత పక్కలవి, చివరికి భుజాలవి. అప్పుడు ఒకరు వెనక నిలబడి రెండు భుజాల దగ్గరా పట్టుకొని గట్టిగా పైకి లాగాలి. చెవుల దాకా లేచిందంటే అది మన సైజు కాదు. మీ అల్లుడు ఎంత లాగినా నాది కదల్లేదు. చింటూదైతే నేనే లాగి చూశాను, మూడుసార్లు. పిల్లలవి ఛాతీ కొలతను బట్టి కాదు, బరువును బట్టి తీసుకోవాలి. వాడికి కొంచెం పెద్దది కొంటే రెండేళ్లు వస్తుంది కదా అన్నారు మీ అల్లుడు. చొక్కాకైతే నేనూ ఒప్పుకునేదాన్ని. దీనికి ఒప్పుకోలేదు.

నీళ్లలో మనిషి తల పైన ఉండాలంటే మూడు నుంచి ఐదు కిలోల బరువును తేల్చేంత ఆసరా చాలట. ఇది ఏడు కిలోలు ఇస్తుంది. లోపల కుట్టిన చీటీ మీద ఇక్కడి అమెరికా కోస్ట్ గార్డ్ (తీరరక్షక దళం) ఆమోదం ఉంది, చూసే కొన్నాను. గాలి నింపుకునే సన్నటివి కూడా ఉన్నాయి, నడుముకు కట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. ఈత సరిగా రానివాళ్లకు, పదహారేళ్ల లోపు పిల్లలకు అవి పనికిరావు. నాకూ వద్దనుకున్నాను. నీళ్లలో పడ్డాక గాలి నిండడానికి తాడు లాగడం గుర్తుండాలి కదా. ఫోమ్‌కు ఏదీ గుర్తుండక్కర్లేదు. చింటూకు రామప్ప గుడి ఇటుక నీళ్లలో తేలుతుందని చెబితే, "మరి దాంతోనే జాకెట్ చెయ్యొచ్చు కదా" అన్నాడు. డిసెంబరులో వచ్చినప్పుడు బాపుతో వెళ్లి చూస్తాడట.

నీకు అబద్ధం చెప్పను. ఇది వేసుకుంటే ఏమీ కాదని కాదు. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పేంత పని ఇది చేయదు. అందుకే ఒంటరిగా వెళ్లను, గాలి లేస్తే దిగను, ఒడ్డు వదిలి దూరం పోను. ఛాతీ జేబులో ఈల ఉంటుంది. కానీ వెళ్లొద్దని మాత్రం అనకు. వారమంతా నాలుగు గోడల మధ్య, మన మాట వినపడదు. అక్కడ పొద్దున్నే నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు, వడ్డేపల్లి చెరువు కట్ట మీద బాపు వెనక నడిచినట్టే ఉంటుంది. ఆ గంట నాకు కావాలమ్మా.

చింటూ నిన్న జాకెట్ కింద వేసుకొని కూర్చుంటే బాగా తిట్టాను. ఫోమ్ అణిగిపోతే పాడవుతుంది. తర్వాత నాకే బాధేసింది. మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేశాం ఇద్దరం.

ఇప్పుడు అసలు పని. తమ్ముడు దోస్తులతో లక్నవరం వెళ్తుంటాడు, చేపలకని చెరువుల వెంట కూడా తిరుగుతాడు. నువ్వు వద్దన్నా ఆగడు. డిసెంబరులో వాడికీ ఒకటి తెస్తాను. అప్పటిదాకా ఎక్కడ పడవ ఎక్కినా, ఇచ్చిన జాకెట్ మెడలో వేసుకొని ఫోటో దిగడం కాదు, పట్టీలన్నీ బిగించుకొమ్మను. నేనన్నానని చెప్పు.

నీ మిషన్ డబ్బాలో టేపు ఉంటుంది కదా. వాడిని నువ్వే నిలబెట్టి కొలువు, వాడు చెప్పే కొలత వద్దు. ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టూ, బనీను మీద కాదు, బయటికి వేసుకునే చొక్కా మీద. ఊపిరి బిగపట్టనివ్వకు. అంగుళాల్లో రాసి, ఆదివారం ఫోన్ నువ్వే ఎత్తి చెప్పు.

నీ బిడ్డ