శుక్రవారం ఉపవాసం

అమ్ములూ,

ప్రభువు నామంలో నీకు దీవెనలు.

ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ లెంట్‌లో నలభై రోజులూ ఉపవాసం ఉంటానని ఫోన్లో అన్నావు. వద్దనను. కానీ ఎన్నడూ ఒక్క పూట మానని మనిషి ఒకేసారి నలభై రోజులకు దిగితే మూడో రోజుకు నీరసపడుతుంది, ఐదో రోజుకు మానేస్తుంది, ఆ తర్వాత ఈస్టర్ దాకా తప్పు చేసినదానిలా తిరుగుతుంది. శుక్రవారం ఒక్కటీ పెట్టుకో. లెంట్ మొదలయ్యే బూడిద బుధవారం తర్వాత గుడ్ ఫ్రైడేతో కలిపి ఏడు శుక్రవారాలు వస్తాయి. మొదటి రెండు వారాలు టిఫిన్ మాత్రం మానెయ్. తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం మూడింటి దాకా ఉండు. మిగతా మూడు వారాలు గురువారం రాత్రి తిన్నాక మళ్లీ శుక్రవారం రాత్రికే తిను. మూడింటి లెక్క నేను కల్పించింది కాదు, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన వేళ అది. మెథడిస్టు సంఘాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా చాలాకాలం బుధ, శుక్రవారాల్లో మూడింటి దాకానే ఉండేవాడు. ఆ రెండు రోజుల పద్ధతి తొలినాటి సంఘానిది, డిడాకే అనే పాత పుస్తకంలో ఉంది.

నిన్ను ముందు పడగొట్టేది ఆకలి కాదు, కాఫీ. రోజుకు మూడు కప్పులు తాగేదానివి ఒక్కసారిగా మానితే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది, అది కాస్తా ఉపవాసం ఖాతాలో పడుతుంది. సోమవారం నుంచే రోజుకో కప్పు తగ్గించుకుంటూ రా. నీళ్లు మాత్రం మానకు. మార్చి ఎండల్లో రెండున్నర, మూడు లీటర్లు తాగాల్సిందే. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే ఒక గ్లాసులో చిటికెడు ఉప్పు వేసుకో. అప్పటికీ తగ్గకపోతే, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే తినెయ్, దేవుడేమీ అనుకోడు. బైబిల్లో ఎస్తేరు రాణి మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు కదా అంటావేమో. అక్కడ ఒక జాతి ప్రాణాలు పోయే సమయం అది, నీకిప్పుడు అంత అవసరం లేదు.

పదకొండింటికి ఆఫీసు క్యాంటీన్లోంచి పోపు వాసన వస్తుంది. కడుపు మెలిపెడుతుంది. కదలకుండా కూర్చో. ఆకలి అలలా వచ్చి, తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. రోజూ తినే వేళకు కడుపు అలవాటుగా కబురు పంపుతుందంతే. ఆ కడుపునే గుడి గంట అనుకో. మోగినప్పుడల్లా ఒక పేరు తలుచుకుని ఆ మనిషి కోసం ప్రార్థించు. పేర్లు పొద్దున్నే చీటీ మీద రాసుకో, అప్పటికప్పుడు గుర్తురావు. టిఫిన్ అరగంటా భోజనం గంటా ఖాళీ అవుతాయి కదా, ఫోన్ పక్కన పెట్టి ఒక్క కీర్తనే మూడుసార్లు మెల్లగా, పైకి వినబడేలా చదువుకో. ఆ గంటన్నరా రీల్స్ చూస్తూ గడిపితే అది పస్తు అవుతుంది, ఉపవాసం కాదు.

అసలు మేలు నాలుగింటికి కనబడుతుంది. రూమ్మేట్ తలుపు గట్టిగా వేసినా నీకు ఒళ్లు మండుతుంది. సగం నీరసం వల్లే అనుకో. మిగతా సగం ఎప్పుడూ నీలో ఉన్నదే. రోజూ ఒక సమోసా, ఒక టీ దాన్ని కప్పేస్తున్నాయి, ఈ రోజు కప్పడానికి ఏమీ లేదు, బయటపడింది. బైబిల్లో యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది ఇలాంటి ఉపవాసం మీదే: తిండి మాని, కలహపడుతూ, పనివాళ్లను పీడించేవాళ్ల మీద. ఆ సాయంత్రం నీ కోపం ఎవరి మీద వచ్చిందో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసి పెట్టు. ఏడు వారాలు రాస్తే ఏడు వాక్యాలవుతాయి. ప్రార్థనలో వాటినే చదివి వినిపించు.

మనవాళ్లలో ఒక మాట ఉంది, ఇన్ని రోజులు ఉపవాసం ఉంటే ఉద్యోగం వస్తుంది, సంబంధం కుదురుతుంది అని. కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి కూర్చునేది నిరాహార దీక్ష. పరలోకపు తండ్రి దగ్గర ఆ పని చేయకు. అడగాల్సింది అడుగు, తిండి మానానని బేరం పెట్టకు.

మానిన తిండి డబ్బులు ఆ రోజే ఎవరికైనా తిండి కావాలి. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు వంట చేసేటప్పుడు ఒక పిడికెడు బియ్యం దేవుడికని పక్కన తీయడం 1910 నుంచీ నడుస్తోంది. నీ నూట యాభై రూపాయలూ అలాంటివే, నెలాఖరుదాకా పర్సులో ఉంచుకుంటే మాయమైపోతాయి.

స్టేటస్ పెట్టకు. ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని, మామూలుగా ఉండమన్నాడు ప్రభువు. ఎవరైనా పుట్టినరోజు కేక్ ముక్క చేతిలో పెడితే ఉపవాసమని ఉపన్యాసం ఇవ్వడం కంటే పుచ్చుకుని తినేయడమే మేలని నా అభిప్రాయం. పాస్టరుగారు ఒప్పుకోకపోవచ్చు.

నీతోపాటు నాన్ననీ ఉండమని అడగకు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు పూట మానితే షుగర్ పడిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు, తిండి మీద భయం పట్టుకున్న పిల్లలు కూడా వద్దు. కేథలిక్ సంఘం కూడా 18 నుంచి 59 ఏళ్లలోపువాళ్లకే ఉపవాస నియమం పెట్టింది, అదీ రోజుకు ఒక పూర్తి భోజనం, రెండు చిన్న పూటలు ఉంచి. నాన్న బైబిల్లో దానియేలు ప్రవక్తలా మాంసమూ రుచులూ మానుకుంటారు, చాలు. ఇక ఎవరో 21 రోజులు నీళ్లతోనే ఉన్నారని విని నువ్వు దిగకు. అన్నాళ్లు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో లవణాలు పడిపోయి గుండెకే ప్రమాదం.

రాత్రి ముగించేటప్పుడు ముందు పల్చటి మజ్జిగో గంజో తాగు, అరగంట ఆగి పెరుగన్నం తిను. బిర్యానీ తెప్పించుకున్నావో, తెల్లవార్లూ కడుపు పట్టుకుని కూర్చుంటావు.

ఈ గురువారం రాత్రి పప్పన్నం తిను, రోజూ తినేంతే. రేపు లేదు కదా అని రెండింతలు తినకు. ఆవకాయ వేసుకోకు, దాహం పెరుగుతుంది.

అమ్మ