పాత డిజిటల్ కెమెరాల విషయంలో మా షాపు కొత్త పద్ధతి

పాత డిజిటల్ కెమెరాలు కొనేవారికీ, ఇంట్లో ఉన్నవి మా దగ్గర అమ్మేవారికీ ముందుగానే చెబుతున్నాం. ఈ నెల నుంచి కానన్ పవర్‌షాట్ ఏ60, ఏ70, ఏ75, సోనీ సైబర్‌షాట్ పీ72, వీ1 మోడళ్లను మేం కొనం, అమ్మం. గల్ఫ్ నుంచి తెచ్చి బీరువాలో దాచిన కెమెరాల్లో ఇవి తరచూ కనిపిస్తాయి కాబట్టి కోనసీమ వైపు వాళ్లకు కాస్త నిరాశే. కారణం వినండి.

2002 చివరి నుంచి 2004 మొదటిదాకా సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సర్లలో, అంటే లెన్సులోంచి వచ్చే వెలుతురును బొమ్మగా మార్చే చిప్పుల్లో, లోపం ఉంది. లోపలి సన్నని తీగల అతుకు వేడికీ తేమకీ వదిలిపోతుంది. అవే సెన్సర్లు కానన్, నికాన్, ఫ్యూజీ, ఒలింపస్ కెమెరాల్లోనూ పడ్డాయి. 2005లో కంపెనీలే ఈ సంగతి ప్రకటించి ఉచితంగా బాగుచేసి ఇచ్చాయి. ఆ సదుపాయం ముగిసి చాలా కాలమైంది. అప్పట్లో సెన్సర్ మార్పించుకున్న కెమెరా బాగానే పనిచేస్తుంది గానీ, మార్చారో లేదో పైకి చూసి చెప్పలేం. మన డెల్టా ఉక్కలో అలాంటిదాన్ని డబ్బు తీసుకుని మీ చేతిలో పెట్టడం మాకు ఇష్టం లేదు.

బయట ఎక్కడైనా కొంటుంటే ఇలా చూడండి. కార్డులోని పాత ఫొటోలు తెర మీద బాగా కనబడుతూ, ఫొటో తీయబోతే మాత్రం తెర ఊదారంగులో చెదిరినా, నల్లగా ఉన్నా తప్పు సెన్సర్‌ది కావచ్చు. నల్లగా ఉంటే ఒకసారి లెన్సులోకి చూడండి, షటరు రేకులు మూసుకుని ఇరుక్కున్నా అలాగే ఉంటుంది. పాత ఫొటోలూ, మెనూ కూడా కనబడకపోతే తెర పోయినట్టు. అతుకు పూర్తిగా వదలని దశలో బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది, అందుకే కనీసం 20 నిమిషాలు ఆన్‌లో ఉంచి వేడెక్కాక మళ్లీ తీసి చూడాలి. దీపాన్నో సూర్యుణ్నో చూపిస్తే తెర మీద నిలువుగా తెల్లని చార పడటం మాత్రం సీసీడీ స్వభావం, లోపం కాదు.

మంచి కెమెరాలు అన్యాయంగా చెత్తలోకి పోయేది సెల్లుల వల్ల. మామూలు పెన్సిల్ సెల్లు వేస్తే లెన్సు బయటికి వచ్చేటప్పుడు మోటారు లాగే కరెంటు అవి ఇవ్వలేవు, కెమెరా ఆరిపోతుంది. ఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు, 2000 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే కరెంటు కొలత) ఉన్నవి, నిండా ఛార్జ్ చేసి వేయండి. అప్పటికీ లెన్సు సగంలో ఆగితే చేత్తో నెట్టకండి, పళ్లచక్రాలు విరుగుతాయి. కానన్‌లో ‘ఈ18’ అని వస్తే లెన్సు ఇరుక్కున్నట్టే, అంతర్వేది బీచిలో ఇసుక పడినా చాలు. సెల్లుల గదిలో తెల్లటి పొడి, ఆకుపచ్చ చిలుము ఉంటే దూదిపుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇంట్లో కెమెరా విప్పొద్దు. సెల్లులు తీసేసినా ఫ్లాషుకు కరెంటు నిలవుంచే కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు.

కార్డుల సంగతి. 2006కు ముందరి కెమెరాల్లో ఎస్‌డీ కార్డు 2 జీబీ దాటితే సాధారణంగా పనిచేయదు, 4 జీబీది పెట్టి ‘కార్డ్ ఎర్రర్’ వచ్చిందని కంగారు పడొద్దు. ఒలింపస్, ఫ్యూజీల ఎక్స్‌డీ కార్డులు దొరకడం కష్టం. అందుకే కార్డు లేకుండా తెచ్చే ఆ కెమెరాలకు మేమిచ్చే ధర తక్కువ. ఇక 3.2 మెగాపిక్సెల్ అంటే 2048×1536 చుక్కలు, 4×6 అంగుళాల ప్రింటుకు హాయిగా సరిపోతుంది. 8×12 అడిగితే మాత్రం బొమ్మ అంత స్పష్టంగా రాదని ముందే చెబుతాం.

కొన్నాక తోలు సంచిలో ఉంచకండి, తేమ పట్టి లెన్సుకు ఫంగస్ వస్తుంది. బియ్యం డబ్బాలో పెడితే తవుడు లెన్సు గొట్టంలోకి పోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌ పొట్లంతో, సెల్లులు తీసేసి పెట్టండి.

మేం అమ్మే ప్రతి కెమెరాకూ పనిచేసే కార్డూ, సెల్లులు గానీ ఛార్జరు గానీ కలిపే ధర చెబుతాం. అందువల్ల ధర పెరిగింది, నిజమే. లెన్సు, షటరు, ఫ్లాషులకు మూడు నెలల పూచీ మాది. ఫంగస్‌కూ, తడిసినదానికీ లేదు.