కోట గోడ అవతలి ఆకలి: కేంద్ర ఆహార మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఢిల్లీలో చరిత్ర చెప్పే టీచర్‌ని. మీ ఆఫీసు ఉన్న ఈ ఊళ్లోనే సుమారు 1335లో మొదలై ఏళ్ల తరబడి సాగిన కరువు గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అప్పుడు ఏలుతున్నది మహమ్మద్ బిన్ తుగ్లక్. గంగా యమునల మధ్య దోఆబ్‌లో పన్ను పెంచారు. కట్టలేని రైతులు ధాన్యం కుప్పలు తగలబెట్టి, పశువుల్ని వదిలేసి అడవుల్లోకి పోయారు. ఆ పైన వానలూ ముఖం చాటేశాయి. ఢిల్లీ తిండికి ఆధారం ఆ దోఆబే. అంతకు పాతికేళ్ల ముందు, అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో, మణుగు గోధుమలు ఏడున్నర జీతల్‌లు. జీతల్ అంటే అప్పటి చిన్న నాణెం, మణుగుకు 40 సేర్లు. ఈ కరువులో ఒక్క సేరు ధాన్యమే 16, 17 జీతల్‌లకు పోయిందని అప్పటి చరిత్రకారుడు బరనీ రాశాడు. ఎన్ని రెట్లో క్లాసులో పిల్లల్నే లెక్క కట్టమంటాను. ఎనభై దాటగానే గది నిశ్శబ్దమైపోతుంది.

నిల్వలు మాత్రం ఉన్నాయి. కోట గోడల మందంలోనే కట్టిన గదుల్లోంచి బియ్యం బయటికి తీయడం మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కళ్లారా చూశాడు. గింజ నల్లబడింది, రుచి మాత్రం పోలేదు. అంతకు చాలా ముందు ఏలిన సుల్తాను బల్బన్ దాచినవట. సుల్తాను ఢిల్లీ జనానికి ఆరు నెలల తిండి ఇవ్వమన్నాడు. చిన్నా పెద్దా, బానిసా స్వతంత్రుడా అన్న తేడా లేదు. ఖాజీలు, పండితులు పేట పేటకూ వెళ్లి పేర్లు రాసుకున్నారు. తుగ్లక్ మీద ఎన్ని విమర్శలున్నా ఈ పని గొప్పదే.

అయితే అదే ఇబ్న్ బతూతా ఒకరోజు ఊరి బయటికి వెళ్లాడు. అక్కడ ముగ్గురు ఆడవాళ్లు, చచ్చి నెలలైన గుర్రం తోలు కోసుకుని తింటున్నారు. ఈ పేజీ చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. పేర్లు రాసుకున్న పేటలు గోడ లోపలివి. వాళ్లు గోడ బయట ఉన్నారు.

మంత్రి గారూ, ఇప్పుడు ఆ గోడ రేషన్ జాబితా. మా వీధిలో కడుతున్న బిల్డింగ్ పనికి పాలమూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కార్డు ఉంది, ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు. కానీ కోడలి పేరు, ఇద్దరు పిల్లల పేర్లు అందులో ఎక్కలేదు. “టీచరమ్మా, రోజూ అన్నం దగ్గరే టెన్షను. పిల్లలకు పెట్టి మేం సర్దుకుంటాం” అంది ఆ అత్తగారు.

2013 ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి ఇవ్వాలో ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే తేలుస్తున్నారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు హైస్కూల్‌కి వచ్చేశారు. అసంఘటిత కార్మికుల జాబితా ఈ-శ్రమ్‌లో నమోదైనా కార్డు లేని సుమారు 8 కోట్ల మందికి కార్డులివ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా.

గోదాముల్లో గింజ ఉంది. కొత్త జనగణన తేలేదాకా ఆగకుండా ఆ పరిమితి పెంచండి. కూలీల అడ్డాలకు, ఇటుక బట్టీలకు, బిల్డింగ్ సైట్లకు మీ సిబ్బందిని పంపి అక్కడికక్కడే పేర్లు రాయించండి. మా వీధి సైటు చూపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఢిల్లీలో ఉంటున్న ఒక తెలుగు టీచరు