పండ్ల ఈగల పరిశోధనను అరుదైన వ్యాధుల కేంద్రాలతో కలపాలి

సంపాదకులకు నమస్కారం.

అరుదైన జన్యువ్యాధుల గురించి వార్త వచ్చినప్పుడల్లా చర్చ కోట్ల రూపాయల ఇంజెక్షన్ల దగ్గరే ఆగిపోతోంది. అసలు ఏ జన్యువు దెబ్బతిన్నదో తేలడానికే ఏళ్లు పడుతున్న పిల్లల సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఈ విషయంలో డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ (మామిడికి పట్టే తెగులు ఈగ కాదు, మగ్గిన అరటిపండ్లపై ముసిరే చిన్నది) చేయగల మేలును మన ప్రభుత్వాలు గుర్తించాలి.

బాటెన్ వ్యాధినే చూడండి. అప్పటిదాకా చక్కగా చదువుకుంటున్న బిడ్డకు చూపు మందగిస్తుంది, తర్వాత మూర్ఛలు వస్తాయి, క్రమంగా మాట, నడక పోతాయి. దీనికి కారణమయ్యే సీఎల్‌ఎన్‌3 జన్యువును 1995లోనే గుర్తించినా, అది కణంలో చేసే పనేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. ఆ జన్యువు ఈగలోనూ ఉంది. దాన్ని తొలగించిన ఈగలు ఆక్సీకరణ ఒత్తిడిని (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువుల తాకిడిని) తట్టుకోలేకపోతున్నాయని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2011లో చూపారు. పది రోజుల్లో కొత్త తరం వచ్చే జీవి కాబట్టే ఇలాంటి ప్రశ్నలను వేల ఈగల మీద, తక్కువ ఖర్చుతో పరీక్షించడం సాధ్యమవుతోంది. ఈగ నుంచి నేరుగా మందు రాదు. ఎలుకల మీద, ఆపైన మనుషుల మీద పరీక్షలు తప్పవు. కానీ ఎటు వెతకాలో తెలియడమే ఈ వ్యాధుల్లో సగం కష్టం.

జన్యుపరీక్షలో ఒక మార్పు కనిపించి, అది వ్యాధికారకమో కాదో చెప్పలేమని నివేదిక వచ్చినప్పుడు తల్లిదండ్రులు పడే వేదన మాటల్లో చెప్పలేనిది. అమెరికాలో హ్యూగో బెలెన్ వంటి శాస్త్రవేత్తలు సరిగ్గా అలాంటి మార్పులనే ఈగల్లో ప్రవేశపెట్టి, వాటి ప్రభావాన్ని తేల్చి వైద్యులకు తెలియజేస్తున్నారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువే వస్తే బయటపడే బాటెన్ వంటి వ్యాధుల ముప్పు మేనరికాల్లో ఎక్కువ గనుక, ఆ పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్న తెలుగు రాష్ట్రాలకు ఈ ఏర్పాటు మరింత అవసరం.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి హైదరాబాద్‌లో ఒక అరుదైన వ్యాధుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. అదే నగరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో డ్రోసోఫిలా పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. వైద్యులు పంపే అనుమానాస్పద మార్పులను ఈగల్లో పరీక్షించేందుకు ఈ సంస్థల మధ్య శాశ్వత ఏర్పాటు ఉండాలి. ఏటా ఆగిపోతుందేమోనన్న భయం లేని ప్రత్యేక నిధిని కేంద్ర ఆరోగ్య శాఖ, బయోటెక్నాలజీ శాఖ కలిసి అందుకు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
వరంగల్