పెరుగు తిన్న పిల్లి గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శుక్రవారం ఒకటో తరగతి పిల్లలకు ఇంటికిచ్చిన గేయాల బొమ్మల పుస్తకంపై మీ వాట్సాప్ గ్రూపులో జరిగిన చర్చంతా నా దాకా వచ్చింది. ఉట్టి మీది పెరుగు తినేసిన పిల్లికి చివరిదాకా ఎవరూ బుద్ధి చెప్పకపోవడం కొందరికి నచ్చలేదట. వెన్నదొంగను ముద్దు చేసిన వాళ్ళం, పిల్లి దగ్గరికి వచ్చేసరికి ఇంత కఠినులం ఎప్పుడయ్యామో! ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకోవడం లేదు.

"మావాడు చదవడం లేదు, బొమ్మ చూసి అప్పజెప్పేస్తున్నాడు" అన్నది రెండో ఫిర్యాదు. అప్పజెప్పనివ్వండి. పాదాల చివర ప్రాస కుదిరితే రాబోయే మాట పిల్లవాడికి ముందే తడుతుంది. మంచి పుస్తకంలో ఆ మాట పేజీ తిప్పితేగాని కనబడదు. తాను ఊహించిందే అక్కడ అచ్చులో కనిపించినప్పుడు నోటి మాటకూ అక్షరానికీ ముడి పడుతుంది. ఇక బొమ్మ అలంకారం కాదు. పిల్లి మూతి తుడుచుకుందని గేయం చెబుతుంది, మీసానికి పెరుగు అంటుకునే ఉందని బొమ్మ చెబుతుంది. పిల్లలు పడీపడీ నవ్వేది అక్కడే. సరిగ్గా అక్కడే మనం వాళ్ళను ఆపి 'ఉట్టి అంటే ఏమిటి, ఇంగ్లీషులో చెప్పు' అంటాం.

పిల్లల కోసం రాసి, బొమ్మలు గీయడం మనకు కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లోనే మద్రాసు నుంచి పిల్లల కోసం 'బాల' పత్రిక తెచ్చారు. బడి వయసు బాపు, ముళ్ళపూడి వెంకటరమణ అచ్చులోకి వచ్చింది అందులోనే. ఇప్పుడు సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం', చెన్నైలోని 'తులిక' వంటి ప్రచురణ సంస్థలు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. పుట్టినరోజుకు చాక్లెట్లు పంచే బదులు తరగతికి ఒక పుస్తకం కొనివ్వవచ్చు.

మన రెండో తరగతి అమ్మాయి ఒకతె ఆ పిల్లి మీద సొంతంగా నాలుగు పాదాలు కట్టి, కుక్క సాక్ష్యం చెబుతున్న బొమ్మ కూడా గీసింది. 'ఉట్టి'కి 'చట్టి' కుదిర్చింది, చూడండి! మొన్నటిదాకా నోరు విప్పని మూడో తరగతి అబ్బాయి ఎల్‌కేజీ పిల్లల ముందు రాగం తీసి చదివాడు. వాళ్ళు వదలకపోతే మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

పుస్తకాలు నలిగి, పసుపు మరకలతో వస్తే మాకు సంతోషమే. అట్ట వేసి, బీరువాలో దాచి, ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగి పంపుతున్న వారి శ్రద్ధకు కృతజ్ఞతలు. ఈసారి దయచేసి తెరవండి. పేజీలు ఫోటో తీసి అన్నం తినేటప్పుడు ఫోనులో చూపిస్తున్నవారికి ఒక్క విన్నపం: పేజీ తిప్పే పని పిల్లలది.

బస్సు రుసుము 10వ తేదీలోగా కట్టాలి. రెండో శనివారం సెలవు. యూనిట్ పరీక్షల పట్టిక డైరీలో ఉంది. వచ్చే శుక్రవారం మరో పుస్తకం వస్తుంది. అందులో కాకి అబద్ధమాడుతుంది, ముందే చెబుతున్నాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు