తాజ్‌మహల్ చిత్రాల ఆర్డర్లు ఎందుకు రద్దు చేశానంటే

టోక్యోలోని మా చిన్న దుకాణం నుంచి జపాన్ చెక్క అచ్చు చిత్రాలు తెప్పించుకుంటున్న మీ అందరికీ నమస్కారం. జపాన్ చిత్రకారుడు యోషిదా హిరోషి గీసిన భారతదేశ చిత్రాల కోసం బయానా కట్టినవారికి ఆ చిత్రాలు పంపలేకపోతున్నాను. మీ డబ్బు మొత్తం ఈ నెలాఖరులోగా మీ ఖాతాల్లో వేస్తాను. కారణం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

యోషిదా (1876–1950) మన దేశంలో తిరిగి వెళ్లాక, 1931, 32 ప్రాంతంలో తాజ్‌మహల్‌ను ఉదయపు మంచులోను, రాత్రివేళలోను, ఇంకా అజంతాను, ఉదయపూర్ సరస్సులోని మహళ్లను, మదురై గుడిని అచ్చు చిత్రాలుగా వెలువరించాడు. పెడన అద్దకం చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు: రంగుకొక చెక్క చెక్కి, ఒకదానిమీద ఒకటి గీత తప్పకుండా అద్దుతారు. ఆయన కాలపు చిత్రకారుడు కవాసే హసుయి వంటివారు చెక్కే పనిని, అచ్చు వేసే పనిని ప్రచురణకర్త పనివారికి వదిలేస్తే, యోషిదా 1925లో సొంత కార్యశాల పెట్టుకుని, తన కళ్లముందు సరిగా వచ్చిన ప్రతికి ఎడమ అంచులో ‘జిజురి’ (స్వయంగా అచ్చు వేసినది) అనే ముద్ర వేయించి, కింద పెన్సిల్‌తో సంతకం చేసేవాడు. ఆయన మరణం తరువాత అవే చెక్కలతో తీసిన ప్రతులు కూడా ఉన్నాయి. అవి నకిలీలు కావు, చేతి అచ్చులే. కానీ వాటికి జిజురి ఉండదు, సంతకం కూడా ముద్రగా వేసిందే. వాటి ధర బాగా తక్కువని మీకు తెలిసిందే.

నాకు చాలాకాలంగా సరుకు ఇస్తున్న ఒక వ్యాపారి ఈసారి చిత్రాలను ఫ్రేములతో సహా పంపాడు. మీకు ఫ్రేము విప్పి, వెనుక వైపు కూడా చూపించిన తరువాతే అమ్మడం నా అలవాటు కాబట్టి, అన్నింటినీ విప్పాను. బొమ్మ చుట్టూ ఉన్న అట్ట తీసేసరికి ఎడమ అంచు బొమ్మ దాకా కత్తిరించి ఉంది, కింది అంచు కూడా సగం లేదు, మిగిలిన కాగితం మీద టేపు జిగురు టీ మరకలా గోధుమ రంగులో పాకి ఉంది. ఏ ముద్ర ఉండేదో, అసలు ఉండేదో లేదో, ఇక ఎవరూ చెప్పలేరు. అడిగితే ఆయన తొణకలేదు, బెణకలేదు. “మీ ఇండియావాళ్లు గోడకు తగిలించుకోవడానికే కదా కొనేది, అంచు ఎవరు చూస్తారు?” అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. అయినా నిజం చెబుతున్నాను, వెంటనే తిప్పి పంపలేదు. మంచు వెనుక గుమ్మటం తేలిపోతున్న ఆ తాజ్‌మహల్ ప్రతిలో రంగు జారిన తీరు అద్భుతంగా ఉంది, వెనక్కి తిప్పితే బరెన్‌తో, అంటే కాగితాన్ని చెక్కకు అదిమి రుద్దే గుండ్రటి చేతి పనిముట్టుతో, రుద్దిన గుండ్రటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఉన్నదున్నట్టు చెప్పి సగం ధరకు ఇస్తే మీలో కొందరు సంతోషంగా తీసుకునేవారే. చాలా రాత్రులు లెక్కలు వేసుకున్నాను, ఎందుకంటే ఈ సరుకు వెనక్కి వెళ్తే ఈ ఏడాది లాభం కూడా దాంతోపాటే వెళ్తుంది. చివరికి వద్దనుకున్నాను. మీరు రేపు ఆ చిత్రాన్ని వేరొకరికి అమ్మితే, అంచు కత్తిరించి ఉందని నేను చెప్పిన మాట ఆ ఫ్రేముతో వెళ్లదు, మా దుకాణం పేరు మాత్రం వెళ్తుంది. ఇది పట్టుదల అనుకుంటే అనుకోండి, అంచు చూసే కొనుగోలుదారులు మనలో ఉన్నారని ఆ వ్యాపారికి తెలియాలి.

ఆయనతో లావాదేవీలు ముగిశాయి. ఇకపై ఏ పాత చిత్రాన్నీ ఫ్రేముతో అమ్మను, డబ్బు అడగకముందే నాలుగు అంచుల ఫొటోలు, వెనుక వైపు ఫొటో పంపుతాను. హసుయి చిత్రాల తరువాతి ప్రతులు, 19వ శతాబ్దపు చిత్రకారుడు హిరోషిగే చిత్రాలకు నేటి పనివారు తీసిన కొత్త అచ్చులు ఎప్పటిలాగే ఉంటాయి, ఏది ఎప్పటిదో రాసి మరీ ఇస్తాను. యోషిదా చిత్రాలు మాత్రం కొంతకాలం దొరకవు, దొరికినప్పుడు ధర కొంత ఎక్కువే ఉంటుంది.

గతంలో నా దగ్గర యోషిదా కొన్నవారు ఆందోళన పడనక్కరలేదు, వాటి అంచుల ఫొటోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, అడిగితే పంపుతాను. దయచేసి మీరే ఫ్రేము విప్పి చూడకండి. పాత కాగితం అట్టకు అంటుకుని ఉంటే చిరిగిపోతుంది.