గులకరాళ్ల తలుపు వేసుకునే ఎలుక

సంపాదకులకు నమస్కారం.

మా నాయన గొర్రెలు మేపేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎర్రనేల మిట్టమీద, గడ్డిదుబ్బు పక్కన చిన్న గులకరాళ్ల కుప్ప చూపించి, "కదపొద్దురా, లోపల ఎలుక పండుకోనుంది" అన్నాడు. శనగగింజంత రాళ్లు, ఎవరో ఏరి పోసినట్టున్నాయి.

దాని శాస్త్రీయ నామం మస్ ప్లాటీథ్రిక్స్ అని చాలా ఏళ్లకు తెలిసింది. వీపున ముళ్లలాంటి చదునైన వెంట్రుకలు, తెల్లటి పొట్ట. మన దక్కన్‌లోని ఎండుగడ్డి నేలల్లో, రాతి మిట్టల్లో ఉంటుంది. తాను లోపలుంటే బొరియ మూతిని గులకరాళ్లతో మూసుకుంటుంది. లోపలి గదిలో పరుపు కూడా రాళ్లే! ఈ సంగతి 1839లోనే బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ రాశాడు. తర్వాత 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన ఇలియట్ ఆయనే.

నాయన చూపించిన మిట్టను పోయిన వేసవిలో యంత్రంతో చదును చేశారు. కాగితాల్లో 'బంజరు' అని ఉందట. గుడ్లగూబకు, నక్కకు, పాముకు తిండి పెట్టే నేల, మా గొర్రెలు మేసిన నేల బంజరెట్లవుతుంది?

మా ఊరి చుట్టూ ఇంకా రెండు మిట్టలు మిగిలాయి. వాటిని పచ్చికబయలుగా నమోదు చేయమని అధికారులను వేడుకుంటున్నాను. ఏ రోజు వచ్చినా సరే, ఆ కుప్పలు నేనే దగ్గరుండి చూపిస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా